కన్నులు తిరిగి పడిపోవుట: అపోహలు – వాస్తవాలు

నల్లమల యంచున నున్న బల్మూరు మండలమున, ఫాల్గుణమాసపు టెండలో వేరుశనగ పీకుచున్న కూలిస్త్రీ యొకతె వంగిన నడుమెత్తి నిలువబడినంతనే కన్నులకు చీకట్లు గ్రమ్మి కుప్పగూలెనేని, చుట్టును చేరినవారి నోట మొదట వెలువడు మాట ‘గాలి సోకింది’ యనునదియే. ఒకరు నోట నీళ్లు పోయుదురు, ఒకరు గుప్పిట తాళపుచెవుల గుత్తి యిరికింతురు, మరియొకరు ఉల్లిగడ్డ చితుకగొట్టి ముక్కుకడ పట్టుదురు. ఆమె నిమిషము తిరుగకమునుపే కన్నులు తెరచును గనుక ఆ కీర్తి యంతయు తాళపుచెవులకు దక్కును.

వాస్తవమున కా ఘనత నేలది. మనుష్యుడు లేచి నిలువబడగనే అరలీటరునకు మించిన నెత్తురు కాళ్లలోనికిని పొట్టలోనికిని దిగును. ఆరోగ్యవంతుని నాడీమండలము రక్తనాళములను బిగించి క్షణములో దానిని సరిదిద్దును. ఎండకు ఒంటిలోని నీరింకుటచేతనో, భయముచేతనో, నొప్పిచేతనో, చాలసేపు నిలుచుటచేతనో ఆ యేర్పాటు తప్పినచో మెదడునకు నెత్తురందక స్మృతి తొలగును. నేలపై పడగనే తలయు గుండెయు సమతలమునకు వచ్చును గనుక తెలివి దానంతట నదియే మరలును. కావున పడినవారిని జాలితో లేపి కూర్చుండబెట్టుట అపకారమే; వెల్లకిల పరుండబెట్టి కాళ్లు పైకెత్తవలెను, పూర్తిగ తెలివి వచ్చుదాక నీరైనను పోయరాదు.

ఇంతకన్న నష్టకరమైన యపోహ వేరొకటి కలదు: కాళ్లు చేతులు కొట్టుకొన్నవి గనుక ఇది ఫిట్సే యనునది. 1994లో జర్మనీ వైద్యులు ప్రకటించిన పరిశోధనలో, ఆరోగ్యవంతులైన 42 మందిని బుద్ధిపూర్వకముగ మూర్ఛిల్లజేసి వీడియోలో చూడగా, 38 మందికి అవయవము లదిరెను. సామాన్యమైన మూర్ఛలో ఈ యదురు కొన్ని క్షణములే యుండును, ముఖము పాలిపోవును, చెమట పట్టును, తెలివి వచ్చినవెంటనే మాట స్పష్టముగ వచ్చును. ఫిట్సులో కొట్టుకొనుట దీర్ఘముగ సాగును, నాలుక ప్రక్కన గాటు పడవచ్చును, తరువాతను చాలసేపు దిగ్భ్రమ వీడదు. ఈ భేదమును గుర్తించువారు లేక, ఫిట్సు లేకయే యేండ్ల తరబడి ఫిట్సు మాత్రలు మ్రింగినవారును, ఆ పేరువలన పెండ్లి సంబంధములు తప్పినవారును మన పల్లెలలో లేకపోలేదు.

తల స్కానులో ఏమియు లేదన్నారు గనుక జబ్బే లేదనుకొందురు కొందరు. స్కాను ఈ విషయమున అరుదుగనే మాటలాడును. పడినతీరును విచారించి, కాసేపు పరుండబెట్టియు పిదప మూడు నిమిషములు నిలువబెట్టియు బీపీ చూచి, ఈసీజీ తీసినచో, ఇంచుమించు సగముమందికి కారణము తేలును. నిలువబడినపుడు పై అంకె 20 పడిపోయినచో ఆ పతనమే సమాధానము కావచ్చును. వృద్ధులలో బీపీ మాత్రలే దోషులగుటయు కద్దు. పడిన మరునాడు తీసిన ఈసీజీ నిర్దోషముగ నుండినంతమాత్రాన గుండె నిర్దోషి కాదు. లయ తప్పినది ఆ క్షణముననే. అందులకే రోజంతయు ఒంటికి కట్టియుంచు హోల్టరు యంత్రమును, చర్మము క్రింద నిమిడ్చి యించుమించు మూడేండ్లు గుండెను కనిపెట్టియుండు చిన్న పరికరమును పుట్టినవి. అప్పటికిని కారణము దొరకనివారు కొంద రుందురు. వారిది నటన కాదు. కారణము తేలువరకు బావిగట్టును, నిచ్చెనను, మోటారుసైకిలును వారు దూరముంచవలెను.

అందరికిని వచ్చునదే యని తీసిపారవేయుటయు తప్పే. పరుగెత్తుచుండగను, పరుండియుండగను, ముందు ఏ సూచనయు లేకయు పడినను, గుండె దడతో పడినను, ఇంట చిన్నవయసున హఠాన్మరణ మొకటి జరిగియున్నను, జాగుచేయక 108కి ఫోను చేయుడు. గుండె మందగించినవారికి పేస్‌మేకరు ప్రాణమిచ్చును. అచ్చంపేట ఆసుపత్రిని దాటి పోవలసివచ్చినను, 2022లో వైద్యకళాశాల వెలసిన నాగర్‌కర్నూలు ఇపుడు హైదరాబాదువలె దూరము కాదు.

వైద్యునికడకు పోవునపుడు వాడుచున్న మాత్రలన్నియు సంచిలో వేసికొని, పడుట కన్నులార చూచిన మనిషిని తప్పక వెంటబెట్టుకొని పొండు. ఫోనులో తీసిన వీడియో యున్నచో దానిని మొదట చూపుడు.