మలేసియా ఇంటికి గాలి, మన మిద్దెకు మందం: ఎండాకాలం ఇల్లు చల్లగా ఉండాలంటే



మలేసియా పల్లెల్లో కర్రల మీద కట్టిన పాత ఇళ్ల వీడియోలు చూసి, "అన్నా, మన కర్నూలు, కడపల్లో కూడా అట్లా కట్టుకుంటే ఏసీ అక్కర్లేదు కదా?" అని చాలామంది అడుగుతున్నారు. అచ్చం అట్లే కడితే మే నెల మధ్యాహ్నం ఆ ఇంట్లో కూర్చోలేం. ఎందుకో చూద్దాం.

మలయ్ ఇల్లు ఎట్లా పనిచేస్తుంది?

అక్కడ ఏడాది పొడవునా పగలు 32, 33 డిగ్రీలు, రాత్రి 24 దాకా ఉంటుంది. వానలు, ఉక్క ఎక్కువ. మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. అంటే బయటి గాలి ఒంటికన్నా చల్లగానే ఉంటుంది, తగిలితే చాలు హాయి. అందుకే ఇల్లు నేల నుంచి ఎత్తులో, పలుచని చెక్క గోడలతో, పెద్ద కిటికీలతో కడతారు. పైన ఆకుల కప్పు, బాగా ముందుకు వచ్చిన చూరు. కప్పు కొసన ఉండే త్రికోణపు గోడకు కూడా సందులు పెడతారు, వేడి గాలి పైకి పోవడానికి.

మన ఎండ వేరు

ఏప్రిల్, మే నెలల్లో మనకు 42, 43 డిగ్రీలు మామూలే. ఆ గాలి ఒంటికన్నా వేడి. కిటికీలు తీస్తే వచ్చేది గాలి కాదు, వడగాలి. కానీ మన గాలి పొడిగా ఉంటుంది, తెల్లవారుజాముకు బాగా చల్లబడుతుంది. ఆ చల్లదనాన్ని పట్టి పగటికి దాచుకోవడమే మన పెద్దోళ్ల లెక్క.

మట్టి మిద్దెను చూడండి. అడుగున్నర, రెండడుగుల రాతి గోడ. దూలాలు, దంతెలు, వాటి మీద కట్టెలో బండలో, ఆపైన మట్టి, చివరగా చవుడు. చవుడు తడిస్తే సందులు మూసుకుపోయి నీళ్లు దిగవు. ఇంత మందం దాటి పగటి వేడి లోపలికి వచ్చేసరికి రాత్రవుతుంది. వంటింటి పొగ, వేడి గాలి గవాచిలోంచి పైకి పోతాయి. వీడియోలో గవాచిని దగ్గరగా చూపించాం.

స్లాబు ఎందుకు ఉడుకుతుంది?

మేము మిద్దె పడగొట్టి స్లాబు వేసుకున్నాం. మొదటి ఎండాకాలమే మా అవ్వ, "ఇది ఇల్లు కాదు నాయనా, పెనం" అనింది. నాలుగైదు అంగుళాల స్లాబులో వేడి మూడు నాలుగు గంటల్లో కిందికి దిగుతుంది. సాయంత్రం నుంచి మనం నిద్రపోయేదాకా పైనుంచి కాలుస్తూనే ఉంటుంది. పగలంతా ఎండలో ఉన్న ఒంటికి రాత్రి కూడా చల్లదనం దొరక్కపోతే వడదెబ్బ ముప్పు పెరుగుతుంది. ముసలోళ్లకు, పసిబిడ్డలకు మరీ కష్టం.

మన భాషలో చెప్పాలంటే, నీడ లేని స్లాబు అంటే ఆచ్ఛాదన లేని నేల. పైన ఏదో ఒకటి కప్పాల్సిందే.

ఇప్పుడు చేయగలిగినవి

1. ఎండాకాలం ముందే స్లాబు మీద సున్నం రెండు మూడు పూతలు వేయండి. పట్టు కోసం కొంచెం ఫెవికాల్ కలపండి. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే.

2. స్లాబుకు మూడు నాలుగు అడుగుల ఎత్తులో పందిరి వేసి కంది కట్టె, జొన్న చొప్ప కప్పండి. మధ్యలో గాలి ఆడాలి. మలయ్ ఇంటి నుంచి తీసుకోవాల్సింది ఈ నీడా, ఈ సందూ. పొయ్యికి, కరెంటు తీగలకు దూరంగా ఉంచండి. గాలివానకు లేవకుండా గట్టిగా కట్టండి.

3. పడమటి గోడకు బీర, సొర, చిక్కుడు తీగ పాకించండి. కొంచెం దూరంలో వేపమొక్క నాటండి.

4. పొద్దున తొమ్మిదిలోపు కిటికీలు మూసేయండి. బయట చల్లబడినాక తీసి తెల్లారేదాకా ఉంచండి.

5. మధ్యాహ్నం గాలి వచ్చే కిటికీకి తడి గోనెసంచి కట్టండి. పొడి గాలిలో నీళ్లు తొందరగా ఆవిరై గది చల్లబడుతుంది. ఉక్కపోసే మలేసియాలో ఇది పెద్దగా పనిచేయదు. మనకు ఒక బకెట్ నీళ్లు చాలు.

పశువుల పాకకు కూడా ఇవే పద్ధతులు, విత్తనాల గదికి మాత్రం తడి గోనెసంచి తప్ప మిగతావి. వేడికి విత్తనాల మొలక శక్తి తగ్గిపోతుంది.

ఒక్క మాట జాగ్రత్త

పాత మిద్దె చల్లగా ఉంది కదా అని కళ్లు మూసుకుని ఉండొద్దు. వానల్లో మట్టి మిద్దెలు కూలి ప్రాణాలు పోయిన వార్తలు చూస్తూనే ఉన్నాం. ముసురు పట్టకముందే దూలాలకు చెదలు ఉందేమో తట్టి చూడండి. కురిసే చోటల్లా మట్టి మీద మట్టి వేసుకుంటూ పోతే బరువు పెరుగుతుంది. పాత మట్టి తీసేసి కొత్త చవుడు వేయండి. దూలం వంగి ఉంటే ఆ గదిలో పడుకోవద్దు.

దిట్టంగా ఉన్న మిద్దెను మాత్రం తొందరపడి పడగొట్టకండి. మళ్లీ కట్టాలంటే పనోళ్లు దొరకడం కష్టం. మీ ఊర్లో గవాచిని ఏమంటారో, మీ ఇంట్లో ఏ పద్ధతి పనిచేసిందో రాయండి.