మోసేదీ, లాగేదీ ఒకే సంచి

పాలకొల్లులో కొండ లేదు. క్షీరారామ దేవాలయపు తొమ్మిదంతస్తుల గోపురమే ఆ ఊరికి శిఖరం. దాని చుట్టూ కనుచూపుమేర వరిచేలు, కొబ్బరితోటలు, కాలువలు. అయినప్పటికీ బరువును తాడుతో లాగే విద్య ఈ డెల్టా ప్రాంతానికి కొత్తది కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తియైన తరువాత విస్తరించిన కాలువల్లో, లారీల రాకపోకలు పెరుగకముందు, సరకుల పడవలు నడిచేవి. గాలి అనుకూలించనప్పుడు పడవవారు తాడు భుజాన వేసుకొని, గట్టువెంట నడుస్తూ నిండు పడవను లాగుకొని పోయేవారు. అంత బరువు వారికి లొంగడానికి కారణం భుజబలం ఒక్కటే కాదు. ఆ బరువును నీరు మోసేది.

కొండమీద మోసిపెట్టే నీరు లేదు. అందుచేత పర్వతారోహకుని సంచి ఒక పెద్ద సమస్య. నిట్టనిలువు శిలను ఎక్కేవాడు తిండి, నీరు, పడకసంచి, స్టవ్వు అన్నీ వీపున మోస్తూ ఎక్కడం కష్టం. ముందు మనిషి చేతులు ఖాళీగా కొంతమేర ఎక్కి, రాతికి గిలక బిగించి, సామానును తాడుతో పైకి లాగుకుంటాడు. బావిలో నీళ్లు తోడడమే ఇది. చేదేటప్పుడు బొక్కెన బావి గోడకు తగిలి సొట్టలు పడడం అందరూ చూసినదే. కొండను రాసుకుంటూ పైకి పోయే ఈ సంచి కూడ అటువంటి దెబ్బలే తినాలి. దీనిని ఆరోహకులు హాల్ బ్యాగ్ అంటారు. లాగుడు సంచి అనుకోవచ్చు.

అమెరికాలోని యోసెమిటీ లోయలో ఎల్ కాపిటన్ అనే శిలాకుడ్యం సుమారు మూడువేల అడుగుల ఎత్తు. 1958 నవంబరులో వారెన్ హార్డింగ్ బృందం దానిని మొదటిసారి ఎక్కింది. అక్కడ రోడ్డు కొండ పాదానికి చేరువగానే ఉన్నది. కాబట్టి లాగుడు సంచి మందంగా, బరువుగా ఉన్నా పెద్ద చిక్కు లేదు. చిరగకుండా ఉంటే చాలు.

హిమాలయాల సంగతి వేరు. గఢ్వాల్‌లోని చాంగబాంగ్ శిఖరం ఎత్తు 6,864 మీటర్లు. 1976లో పీటర్ బోర్డ్‌మన్, జో టాస్కర్ అనే ఇద్దరు ఆంగ్లేయులు దాని పడమటి గోడను ఎక్కారు. ఆ గోడను తాకడానికి ముందే ఋషిగంగ లోయలోని దుర్గమమైన దారిలో నడవవలసి వచ్చింది. అటువంటి చోట సంచి మొదట వీపును పరీక్షిస్తుంది. శిల దానిని పరీక్షించడం ఆ తరువాత.

ఇక్కడ విద్యార్థులు వేయదగిన చిన్న లెక్క ఒకటి ఉన్నది. శిబిరానికి పది మైళ్ల దూరం అనుకొందాం. సామాను ఒక మోతకు లొంగితే నడక పది మైళ్లు. రెండు మోతలైతే మొదటిది దించి, వట్టి చేతులతో తిరిగి వచ్చి, రెండవది తీసుకొని పోవాలి. నడక ముప్పది మైళ్లవుతుంది. మూడు మోతలైతే ఏబది. సామాను ఒక మోతకు కొంచెం మించినా, దానికి చెల్లించే మూల్యం కొంచెం కాదు. 1953లో ఎవరెస్టును జయించిన బృందానికి మూడువందలకు పైగా కూలీలు ఉన్నారు. 1975లో మెస్నర్, హాబెలర్ అనే ఇద్దరే కారాకోరంలో ఎనిమిదివేల మీటర్లకు మించిన హిడెన్ పీక్‌ను ఎక్కారు. తమ బరువు తామే మోసుకొని, ఒకే ఊపులో ఎక్కి దిగడమే ఆల్పైన్ పద్ధతి. ఈ పద్ధతిలో లెక్క మరింత కఠినం.

మరి సంచి ఎట్లా ఎంచుకోవాలి? మొదట చూడవలసినది కొండ వాలు. గోడ ముందుకు వాలి ఉంటే సంచి గాలిలో వేలాడుతుంది; పలుచని నైలాను కూడ నిలుస్తుంది. ఏటవాలు గరుకు రాయి అయితే ప్రతి అడుగునా ఒరుసుకుంటుంది. అక్కడ పలుచని గుడ్డను నమ్మరాదు. కనీసం అడుగుభాగమైనా మందంగా ఉండాలి.

రెండవది ఆకారం. సంచి గుండ్రంగా, నునుపుగా ఉండాలి. బయటి జేబులు, వేలాడే పట్టీలు రాతి మొనలకు చిక్కుకుంటాయి. కాని నడకలో భుజపు పట్టీలు, నడికట్టు తప్పనిసరి. అందుచేత అవి విప్పదగినవిగానో, లోపలికి దోపదగినవిగానో ఉండాలి. తాడు కట్టే కొక్కీలు సంచి గుడ్డలో బలంగా కుట్టి ఉండాలి. ఒకటి తెగినా మరొకటి ఆపాలి.

మూడవది పరిమాణం. ఇద్దరు ఒకటి రెండు రాత్రులు గడపడానికి నలభై నుండి అరవై లీటర్లు చాలు. పెద్ద సంచి కొంటే ఖాళీ జాగా ఊరుకోదు; అనవసరపు వస్తువులను పిలుస్తుంది.

ఇక సర్దుబాటు. దీనికి పాలకొల్లు తోటలోనే గురువున్నాడు. కొబ్బరికాయ అంత ఎత్తునుండి పడినా చాలాసార్లు పగలదు. గట్టి చిప్ప లోపల, మెత్తని పీచు వెలుపల. సంచిలో కూడ పడుకొనే మెత్తని చాపను చుట్టూ గోడవలె పరచి, స్టవ్వు, గిన్నె వంటి గట్టి వస్తువులను నడుమ ఉంచాలి. స్టవ్వు మూల గుడ్డకు ఆనితే రాయి అక్కడే గుడ్డను కోస్తుంది. పైముడి రాతికి పట్టకుండా, కోసిన ప్లాస్టిక్ సీసా పైభాగాన్ని గరాటువలె దానిమీద తొడిగే వాడుక కూడ ఉన్నది.

సంచి నాణ్యత అంగడిలో తెలియదు. భువనగిరి ఏకశిలవంటి చోట దానిని నింపి, లాగి చూడాలి. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ శిలారోహణలో శిక్షణ పొందినది అక్కడనే. కొండ దూరమైతే పాలకొల్లు యువకుడు సంచినిండా కొబ్బరికాయలు నింపుకొని కాలువగట్టున అయిదు మైళ్లు నడిచినా సరిపోతుంది. పట్టీ ఎక్కడ కోస్తున్నదో భుజమే చెబుతుంది.

అయితే తేలికదనానికి ఒక హద్దు ఉన్నది. నెల్లూరు జిల్లాలో పుట్టిన మల్లి మస్తాన్ బాబు 2006లో 172 దినాలలో ఏడు ఖండాల శిఖరాలను ఎక్కిన ఘనుడు. ఆయన 2015లో ఆండీస్ పర్వతాలలో ఒంటరిగా వెళ్లి ప్రాణాలు కోల్పోయాడు. అంతటి అనుభవజ్ఞునికైనా పర్వతం మినహాయింపు ఇవ్వలేదు. కనుక సంచి గుడ్డలో తగ్గించిన బరువును ఉన్నిబట్టకో, మరొక పూట తిండికో, ఇంధనానికో కేటాయించడమే వివేకం. వాటినే తగ్గించి సంచి తేలికైందని సంతోషించడం ప్రమాదకరం.

పడవ లాగినవాడు సరకుతోపాటు తాడును, గాలిని, గట్టును కూడ చూసుకొని బయలుదేరేవాడు. సంచి కొనబోయేవాడు కూడ ధర అడుగక ముందు దారి ఎంత, రాయి ఎటువంటిది, మోసేవారు ఎందరు అని అడుగవలె.