‘పొరబడ్డాడ’ట!

2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం ఒలేథ్ పట్టణంలో తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒక తెల్లవాడు ‘నా దేశం విడిచి పో’ అని అరిచి కాల్చి చంపాడు. తెలుగు పత్రికలు జాత్యహంకారాన్ని దుయ్యబట్టాయి. న్యాయమే. కాశిబుగ్గలో మేమూ బాధపడ్డాం. అడ్డుపడి తూటా తిన్న ఇయాన్ గ్రిల్లట్ కూడా తెల్లవాడేనని మరువరాదు.

అయితే ఆ వార్తల్లో ఒక మాట ముల్లులా గుచ్చుకుంది. హంతకుడు ఆయనను ఇరాన్ వాడనుకుని ‘పొరబడ్డాడ’ట! మరి నిజంగా ఇరానీయే అయి ఉంటే? 2001 సెప్టెంబర్‌లో అరిజోనాలో బల్బీర్ సింగ్ సోధీని తలపాగా చూసి చంపినప్పుడూ ఇదే మాట. ముస్లిం అయితే ఆ తూటా సరైనచోట తగిలినట్టా?

ఇక ఇంటి సంగతి. 2015 ఏప్రిల్ 7న మా వరంగల్ జైలు నుంచి హైదరాబాదు కోర్టుకు తీసుకెళుతున్న అయిదుగురు ముస్లిం విచారణ ఖైదీలు ఆలేరు దగ్గర పోలీసు వ్యానులోనే హతులయ్యారు. తుపాకులు లాక్కోబోయారన్నారు పోలీసులు. ఫొటోల్లో మాత్రం శవాల చేతులకు బేడీలున్నాయి. వారిపై కేసులు తీవ్రమైనవే, కాదనం. అంతకు వారం ముందు సూర్యాపేట బస్టాండులో వేరెవరో పోలీసులను కాల్చి చంపారు. ఆ ఇళ్ల ఏడుపూ ఏడుపే. పగ ఉన్నచోట కూడా న్యాయం తప్పవద్దని మాయిదా సూరా 8వ ఆయత్ ఆదేశం. అది మాకూ వర్తిస్తుంది. కానీ తీర్పు రాకముందే ఎన్నో శీర్షికలు వారిని ‘ఉగ్రవాదులు’ అనేశాయి. ‘నిందితులు’ అన్న పాటి మాటకైనా వారు నోచుకోలేదు.

ఒలేథ్ హంతకుడికి 2018లో యావజ్జీవ శిక్ష పడింది. మన పత్రికలు ప్రముఖంగా వేశాయి. ఆలేరు ఘటనపై 2015లోనే ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని నియమించింది. అది ఏం తేల్చిందో ఏ పత్రిక మొదటి పేజీలోనూ మేము చదవలేదు.