అడవిపండ్లు – ఆరోగ్యకరమైన వార్ధక్యము

మన యశ్వంతనగరమునకు చేరువనున్న సండూరు కొండలు ఋతువున కొక పండు నిచ్చును. వేసవిలో కలివి, తొలకరికి నేరేడు, కార్తికమునకు ఉసిరి, సంక్రాంతికి రేగు. మన కన్నడ మిత్రులు నేరళె, నెల్లి, ఎలచి యనునవి నేరేడు, ఉసిరి, రేగులే. పిల్లల చిరుతిండిగా నెంచబడు ఈ పండ్లు ముదిమిలో నేమైన మేలు చేయునా యని ఇచట విచారింతము.

నేరేడుపండ్లు తిన్నచో నాలుక ఊదారంగు నొందును. ఆ రంగునకు కారణము ఆంథోసయనిన్ అను పదార్థము. నల్లగా పండిన కలివిలోను అది కలదు. ఉసిరికలో సి విటమిను సమృద్ధిగా నున్నది. మన దేహకణములు ప్రాణవాయువు సాయమున ఆహారమునుండి శక్తిని పుట్టించునపుడు తీక్ష్ణమైన కొన్ని అణువులు వెలువడి కణములకు హాని చేయును. వార్ధక్యమునకు ఇదియే కారణమని డెన్‌హామ్ హార్మన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1956లో ప్రతిపాదించెను. పై పదార్థములు ప్రయోగశాలలో అట్టి అణువుల నణచుచున్నవి.

అట్లయిన మాత్రలు మ్రింగిన చాలదా? ఫిన్లాండులో పొగత్రాగు 29,133 మంది పురుషులపై పరీక్ష జరిగెను. అట్టి గుణము గల బీటా కెరోటీన్ మాత్రలు వాడినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గకపోగా హెచ్చినదని 1994లో తెలియవచ్చెను. పండు వేరు, మాత్ర వేరు.

అమెరికాలో 70 ఏండ్లు నిండిన 16,010 మంది స్త్రీలను గూర్చిన పరిశీలన 2012లో వెలువడెను. బ్లూబెర్రీ, స్ట్రాబెర్రీ పండ్లను హెచ్చుగా తినువారిలో జ్ఞాపకశక్తి మొదలగువాని క్షీణత రెండున్నర ఏండ్ల వరకు ఆలస్యమైనట్లు కనబడెను. అయినను వారికి ఇతర సదభ్యాసములును ఉండవచ్చును గనుక ఇది పండ్ల మహిమయే యని నిశ్చయింపరాదు. మన కొండపండ్లు ముసలితనమును ఆపునని చెప్పుటకు అంతకన్నను ఆధారము లేదు. కాని విటమినులు, పీచు గల ఈ పండ్లను మిఠాయిలకు బదులు తినుట పెద్దలకును పిల్లలకును మంచిదే.

కొన్ని జాగ్రత్తలు అవసరము. నేరేడుగింజల పొడిని నమ్మి మధుమేహమునకు వైద్యుడిచ్చిన మందు మానరాదు. రక్తపుపోటు గలవారు ఉప్పులో నూరిన ఉసిరికను మితముగా తినవలెను. పండ్లను కడిగి తినవలెను. ఎరుగని పండును నోట పెట్టరాదు. కంటికింపైన గురివిందగింజ విషము.

ఏది తినదగినదో, ఏది కాదో మన అవ్వతాతలు ఎరుగుదురు. విద్యార్థులారా! వారితో కొండదారిని మెల్లగా నడచి, ప్రతి పండు పేరును తెలుగులోను కన్నడములోను అడిగి వ్రాసికొనుడు. ఆ నడక వారి ఆరోగ్యమునకు మంచిది. ఆ పేర్లు మీకు మిగులును.