సగంలో ఆగిన కారుకు బేరం

“వచ్చే వేసవికల్లా రోడ్డెక్కించేస్తా!”

ఈ మాట వింటూ ఏళ్ళు గడిపేసిన ఇల్లాళ్ళు ఇంగ్లండులో చాలామందే ఉంటారు. ఇంటి పక్క గరాజ్‌లో దుప్పటి కప్పుకున్న ఓ పాత స్పోర్ట్స్ కారు. ఇంజను ఒక మూల, తలుపులు గోడకు ఆనించి, సీట్లు అటక మీద, స్క్రూలు బిస్కట్ డబ్బాల్లో! శ్రీవారి దృష్టిలో అది కారు. ఆవిడ దృష్టిలో ఏమిటో అడక్కపోవడమే మంచిది.

డాక్టర్లుగా వెళ్ళి అక్కడే స్థిరపడిన మన తెలుగువారిలోనూ ఈ సరదా అంటుకున్నవాళ్ళు లేకపోలేదు. ఇలా గరాజ్‌కెక్కే కార్లలో తరచు వినిపించే పేరు ఎం.జి.బి. 1962 నుంచి 1980 దాకా అబింగ్డన్ అనే ఊళ్ళో ఐదు లక్షలకు పైగా తయారైంది. విడిభాగాలు ఈనాటికీ దొరుకుతాయి. 1988 నుంచి దీనికి కొత్త బాడీలు కూడా చేసి అమ్ముతున్నారు. “అన్నీ దొరుకుతాయిగా, మనమే బాగుచేసుకోవచ్చు” అన్న ధైర్యం అందుకే.

మరి ఎందుకాగిపోతుంది? ఈ కారుకు విడిగా చాసిస్ లేదు. రేకు బాడీయే బరువంతా మోస్తుంది. ముఖ్యంగా తలుపుల కింద పొడుగ్గా ఉండే భాగాలు, సిల్స్ అంటారు, అవే దీనికి వెన్నెముక. ఆ దేశపు వానకు, చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పుకు ముందు తుప్పు పట్టేవీ అవే. రంగు గీకితే తుప్పు, తుప్పు గీకితే చిల్లు! ఆధారం పెట్టకుండా వాటిని కోస్తే బాడీ కుంగి, తర్వాత తలుపులు సరిగా పడవు. అక్కడికొచ్చేసరికి డబ్బో, ఓపికో, నడుమో సహకరించదు.

ఆయన ఉన్నంతకాలం అమ్మరు. అమ్మాల్సిన రోజు వచ్చేసరికి సాధారణంగా ఆ భారం ఆవిడ మీదే పడుతుంది. ఇల్లు మారడమో, ఆయనకు జబ్బు చేయడమో, ఆయనే లేకపోవడమో... అలాంటప్పుడే ఎవరో ఒకరు తలుపు తడతారు. “పాపం, ఈ చెత్తంతా మీకెందుకండీ, నేను తీసుకుపోతాలెండి” అంటారు. తల ఊపకండి. “ఇంజను, చువ్వల చక్రాలు మాత్రం ఇచ్చేయండి, మంచి ధర ఇస్తా” అన్నవాళ్ళకైతే అసలే ఊపకండి. అవి పోయాక మిగిలినదాన్ని అడిగే నాథుడు ఉండడు.

అలాగని ఆయన దాచిన బిల్లులన్నీ కూడి ఆ మొత్తం అడిగితే బేరం కుదరదు. నగ అమ్మితే మజూరీ, తరుగు తిరిగొస్తాయా? ఇదీ అంతే. విచిత్రమేమిటంటే, తుప్పు పట్టినా నడుస్తున్న కారుకు పలికినంత ధర విప్పి పెట్టిన కారుకు చాలాసార్లు పలకదు. ఆ డబ్బాల్లో ఏముందో, ఏం పోయిందో కొనేవాడికి తెలియదు కాబట్టి, పోయినవాటి ఖరీదు ముందే తగ్గించుకుని అడుగుతాడు.

కాబట్టి ఉన్నదేమిటో చెప్పగలిగితే ధర పెరుగుతుంది. దీనికి మెకానిక్ చదువు అక్కర్లేదు. పప్పుల డబ్బాలకు చీటీలు అంటించే చెయ్యి చాలు. ఎక్కడి సామాను అక్కడ పెట్టి, ప్రతి డబ్బాకూ ఫోటో తీసి, జాబితా రాయండి. పేరు తెలియకపోతే “గుండ్రటి ఇత్తడి ముక్క, రెండు” అని రాసినా ఫరవాలేదు, కొనేవాడికి తెలుస్తుంది. సిల్స్ మార్చినప్పుడు ఆయన ఫోటోలు తీసి ఉంటే అవి బంగారమే. పైన రేకు మూసేశాక లోపల ఏం చేశారో మరెలా చూపిస్తారు?

రెండు గుర్తులు మీరే పట్టుకోవచ్చు. బంపర్లు తళతళలాడే క్రోమ్‌వా, నల్ల రబ్బరువా? 1974 చివర నుంచి రబ్బరు వేశారు. క్రోమ్ వాటికే గిరాకీ ఎక్కువ. కారు నంబరు ప్లేటు కాదు, లోపల చాసిస్ నంబరు రేకు చూడండి. జి.హెచ్.ఎన్. అని మొదలైతే టాపు లేని బండి, జి.హెచ్.డి. అయితే టాపున్న జి.టి. సాధారణంగా మొదటిదానికే ఎక్కువ పలుకుతుంది.

ఇక కాగితాలు. అక్కడ వి5సి అనే లాగ్‌బుక్కు ఉంటుంది. అందులో పేరున్నంత మాత్రాన యజమాని అయిపోరు, కాబట్టి కొన్న రసీదు కూడా వెతకండి. ఆయన పోయి ఉంటే ఆ సంగతి ముందు రవాణా శాఖకు తెలియజేయాలి. రోడ్డు మీద తిప్పడం లేదని ప్రకటించిన కారును నడుపుకుంటూ తీసుకెళ్ళడానికి వీల్లేదు. కొన్నవాళ్ళే ట్రైలర్ తెచ్చుకోవాలి.

ఇంగ్లండు గోల మనకెందుకంటారా? మన షెడ్లలో హెరాల్డులూ, ఫియట్లూ లేవూ! మన దగ్గర ఆర్.సి. భర్త పేరునే ఉండి ఆయన పోతే, ముప్పై రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలిపి, మూడు నెలల్లో ఫారం 31తో మన పేరుకు మార్చుకోవాలి. ఆ తర్వాతే అమ్మకం. బండి వయసు యాభై దాటితే 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ వాహనంగా నమోదు చేయించవచ్చు. కాకపోతే అసలు రూపం పెద్దగా మారి ఉండకూడదు. అందుకే పాత ఇనుము కొట్టుకు తూకానికి వేసేముందు ఆర్.సి. మీది సంవత్సరం ఒక్కసారి చూడండి. పాత హెడ్‌లైట్లు, మీటర్లు పనికిరానివిగా కనిపించినా సరే, బండితోనే ఉంచండి.