పరుగెత్తేవారి మడమ నొప్పి – వాతకంటకము

పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగం కోసం 1600 మీటర్ల పరుగు అభ్యసిస్తున్న యువకుడొకడు, పరీక్షకు రెండు నెలల గడువుండగా, కుంటుతూ నా వద్దకు వచ్చాడు. ఉదయం మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ వెనుక ముల్లు దిగినట్లు నొప్పి. నాలుగడుగులు నడిస్తే సర్దుకుంటుంది. పరుగు ముగించి కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ మొదలు. ఇరవై రోజుల్లోనే రోజుకు రెండు కిలోమీటర్ల నుండి ఎనిమిదికి పెంచాడట. అదీ తారురోడ్డు మీద, అరిగిన బూట్లతో.

కంటకమంటే ముల్లే. అడుగు ఎగుడుదిగుడుగా పడినందువలన వాతం ప్రకోపించి చీలమండను ఆశ్రయించే ఈ బాధను సుశ్రుతుడు వాతకంటకమన్నాడు. వాగ్భటుడు దీనికి శ్రమను కూడా కారణంగా చెప్పాడు. వ్యాయామం సగం బలానికే పరిమితం కావాలనే శాస్త్రనియమం కూడా ఇక్కడ గమనించదగినది. మా యువకుడు అతిక్రమించినది దానినే.

మనం వాడుకలో కండరమంటే మాంసపు కండ అనుకుంటాము. సుశ్రుతుడి 'కండర' అది కాదు. కండను ఎముకకు కట్టే లావుపాటి తాడు. ఇవి శరీరంలో 16 అనీ, వానిలో 4 పాదాలకు చెందినవనీ ఆయన లెక్క. పిక్క కండలను మడమ ఎముకకు కలిపే తాడును ఆధునికులు అకిలిస్ టెండన్ అంటారు. దేహంలో ఇంతకు మించిన బలమైన తాడు లేదు. అయితే రక్తప్రసారం తక్కువ గనుక, దెబ్బతింటే కోలుకొనుట ఆలస్యం. నొప్పి మడమ అడుగున ఉంటే అది అరికాలి పొరకు సంబంధించినది. వెనుక, పైన ఉంటే ఈ తాడుది.

ఇక నేను చేసిన పొరపాటు చెప్పవలెను. మూడు వారాలు పూర్తి విశ్రాంతి ఇచ్చి, వావిలి తైలంతో మర్దన, ఇసుక మూటతో కాపడం చేయించాను. నొప్పి మాయమైంది. సంతోషించాను. పరుగెత్తిన మొదటి రోజే తిరిగి వచ్చింది. తైలం బాధను ఉపశమింపజేసినది గాని, విశ్రాంతిలో ఆ తాడు మరింత బలహీనపడింది. ఆ విడత పరీక్షకు అతడు వెళ్లలేకపోయాడు.

తాడుకు బలం చేకూర్చేది క్రమంగా మోపే భారమే. స్వీడన్ వైద్యుడు హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ 1998లో ప్రకటించిన పద్ధతిని తరువాత అతనిచేత చేయించాను. గోడ పట్టుకుని, మెట్టు అంచున మునిపాదాలపై నిలబడి, రెండు కాళ్లతో పైకి లేవవలెను. పిమ్మట నొప్పి ఉన్న కాలిమీదనే బరువు మోపి, మడమను మెల్లగా మెట్టు కంటే దిగువకు దించవలెను. మోకాలు చాచి 15 సార్ల చొప్పున మూడు విడతలు, మోకాలు కొద్దిగా వంచి మరల మూడు విడతలు. ఉదయం, సాయంత్రం, 12 వారాలు. స్వల్పంగా నొప్పి కలిగినా భయం లేదు. మరునాటికి హెచ్చితే తగ్గించుకొనవలెను. తాడు మడమ ఎముకకు అతికే చోటనే నొప్పి ఉన్నవారు మెట్టు దిగువకు దించరాదు, సమతలం మీదనే చేయవలెను. తరువాతి విడత పరీక్షలో మా యువకుడు నొప్పి లేకుండా పరుగు పూర్తి చేశాడు.

తైలాన్ని నేను మానలేదు. పావు లీటరు నువ్వుల నూనెలో లీటరు వావిలాకు రసం పోసి, సన్నని సెగపై రసం ఇగిరేవరకు కాచి వడగట్టుకొనవలెను. రాత్రివేళ గోరువెచ్చగా పిక్క నుండి మడమ వరకు మృదువుగా రాసి, ఆముదపు ఆకు వెచ్చజేసి కట్టవచ్చును. గట్టిగా నలపరాదు. వాపు, ఎరుపు కొత్తగా ఉన్న మొదటి రెండు రోజులు కాపడం కూడదు. చన్నీటి గుడ్డ చాలును.

సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మాత్రలు వాడుతుండగా ఈ నొప్పి పుడితే పరుగు ఆపి, ఆ మాత్ర వ్రాసిన వైద్యునికి వెంటనే తెలుపవలెను. ఆ మందులు తాడును తెంపగలవని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే తీవ్ర హెచ్చరిక జారీ చేసినది. పరుగులో వెనుక నుండి ఎవరో తన్నినట్లై, 'టప్'మని శబ్దం వినిపించి, మునివేళ్లపై లేవలేకపోతే తాడు తెగినట్లు అనుమానించవలెను. అప్పుడు తైలం వెదకక, అదే రోజు ఎముకల వైద్యుని వద్దకు తీసుకొనిపోవలెను.