రెండవ కొలువు

ఉద్యోగమునుండి ఇంటికి వచ్చిన స్త్రీ చెప్పులు విడిచి, కాళ్లు కడుగుకొని, నేరుగ వంటయింటిలోనికి పోవుటను చూడని సోదరీమణులు మనలో నెవరు గలరు? పగటి కొలువు ముగిసినది, రెండవది మొదలైనది. దీనికి జీతము లేదు, సెలవు లేదు, పింఛను అసలే లేదు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్లీ శాఖయందు సమాజశాస్త్రమును బోధించిన ఆర్లీ రస్సెల్ హోక్‌షీల్డ్ అను విదుషీమణి 1989లో దీనికి 'సెకండ్ షిఫ్ట్' అను పేరు పెట్టి, ఆ పేరుతోనే ఒక గ్రంథమును ప్రకటించిరి.

ఈ ప్రశ్న ఆమెకు పుస్తకములలో దొరకినది కాదు. 1970 ప్రాంతముల, ఆచార్యపదవిలో క్రొత్తగ నున్న దినములలో, మూడునెలల బిడ్డను వెంటబెట్టుకొని ఆమె తన ఆఫీసుగదికి పోయెడివారు. ఒకవంక విద్యార్థులు, ఒకవంక బిడ్డ. తోడి పురుషాచార్యులలో పెక్కుమందికి ఇట్టి చిక్కు లేదు. వారి బిడ్డలను ఇంటియొద్ద భార్యలు చూచుకొనుచుండిరి.

1980 మొదలు 1988 వఱకు ఆమెయు, ఆమె సహాయకులును సుమారు 50 జంటలను ప్రశ్నించిరి. దాదాపు పండ్రెండు ఇండ్లలో ఆమెయే కూర్చుండి, వంటవేళను, బిడ్డలు నిద్రపోవువేళను జరుగునది కన్నులార చూచిరి. అంతకుముందు ఆ దేశమున జరిగిన కాలపరిశీలనలనుబట్టి ఉద్యోగమును ఇంటిపనియు కలిపి లెక్కింపగా, స్త్రీ పురుషునికంటె వారమునకు సుమారు 15 గంటలు అధికముగ పనిచేయుచున్నట్లు తేలినది. మేమును కాగితముపై ఈ లెక్క వేసి చూచితిమి: సంవత్సరమునకు 780 గంటలు, అనగా రేయింబవళ్లు కలిసి 32 దినములకు పైమాటే! ఆమె చూచిన భర్తలలో సరిసగము పని పంచుకొన్నవారు నూటికి 20 మంది మాత్రమే.

ఆమె గమనించిన సంగతులలో మాకు మిక్కిలి నచ్చినది గంటల లెక్క కాదు. పురుషులు చేయు పనులు కారు బాగుచేయుటవంటివి. ఇవి నేడు కాకున్న రేపు చేయవచ్చును. స్త్రీల వంతునకు వచ్చినవి వంట, బిడ్డల స్నానము, నిద్రపుచ్చుట. ఇవి గడియ దాటిన ఆగవు.

ఆ గ్రంథమున మార్పుపేర్లతో చెప్పిన ఒక జంట కథ కలదు. భార్య పని సమముగ పంచుకొనవలెనని పోరినది. కాపురము విడిపోవునంతవఱకు వచ్చినది. తుదకు ఒక ఒప్పందము కుదిరినది: మేడమీది భాగము ఆమెది, క్రిందిభాగము ఆయనది. మేడమీద వంటయిల్లు, భోజనశాల, హాలు, స్నానపుగదులు, క్రింద కారుకొట్టము. కుక్కను చూచుటయు ఆయన వంతే. ఇది సరిసమానమని ఇరువురును చెప్పుకొనిరి! ఆమె తన ఉద్యోగమును సగము కాలమునకు తగ్గించుకొన్నది. ఇది చదివి నవ్వితిమి. కాని ఆ నవ్వు ఎంతోసేపు నిలువలేదు.

భర్త పని పంచుకొన్న కాపురములలో సంతోషము హెచ్చుగ నుండుట ఆమె చూచిరి. పనికంటెను, ఆ పని కానుకగ స్వీకరింపబడినదా లేదా అనునదే గట్టి సంగతి యని ఆమె మతము. భర్త గిన్నెలు కడిగి తాను మేలు చేసితిననుకొనును. అది ఆయన విధియే కదా యని భార్య యనుకొనును. ఇచ్చినవానికి కృతజ్ఞత దొరకదు, పుచ్చుకొన్నదానికి తృప్తి కలుగదు.

1997లో ప్రకటించిన 'ది టైమ్ బైండ్' అను గ్రంథములో ఆమె ఒక పెద్ద కంపెనీని పరిశీలించిరి. బిడ్డలుగల ఉద్యోగులు పని గంటలను తగ్గించుకొనుటకు అక్కడ వీలుండెను. కాని తగ్గించుకొన్నవారు బహు స్వల్పము. చాలమందికి పనిచోటనే స్నేహితులు, మెప్పు, కొంత విశ్రాంతి. ఇల్లేమో తెమలని పనుల కుప్ప. ఉద్యోగమున తృప్తి కలుగుటకు ఇంటి అలసటయు ఒక కారణమగునని మాకు అంతకుముందు తోచలేదు.

మన దేశముమాట యేమి? 2019లో భారత ప్రభుత్వమువారు కాలవినియోగ సర్వే జరిపిరి. దినములో జీతములేని ఇంటిపని చేసినవారు స్త్రీలలో నూటికి 81 మంది, పురుషులలో 26 మంది. అట్లు చేసినవారిలో స్త్రీకి సగటున 299 నిమిషములు, పురుషునికి 97 నిమిషములు పట్టినవి. బిడ్డల, వృద్ధుల సంరక్షణ వేఱు పద్దు. అందు స్త్రీకి 134, పురుషునికి 76.

మన ఇండ్లలో కోడలి రెండవ కొలువు కొంత అత్తగారిమీదనో, పనిమనిషిమీదనో పడును. ఆ పనిమనిషికిని తన గుడిసెలో రెండవ కొలువు కాచుకొని యుండును. హోక్‌షీల్డ్‌గారు 2000 సంవత్సరమున దీనినే ఒక గొలుసుగ వర్ణించిరి: ధనికదేశపు తల్లి బిడ్డను పేదదేశమునుండి వచ్చిన దాది పెంచును, ఆ దాది బిడ్డలను స్వదేశమున మఱియొక దాది పెంచును, ఈమె బిడ్డలను, ఆ ఇంటి పెద్దకూతురు చంకనెత్తుకొని తిరుగుచుండును.